చెంగల్రాయుడు మామ ముక్కాలిపీట

చెంగల్రాయుడు మామ మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకోడు. వాళ్లు కూర్చునే తీరు గుర్తుపెట్టుకుంటాడు. తొండియార్‌పేటలో పాత కుర్చీలు, మంచాలు, బీరువాలు బాగుచేసి అమ్మే కొట్టు ఆయనది. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన ముప్పై ఏళ్లుగా రోజుకు నాలుగు టీలు పంపిస్తున్నాడు. ఆయన పేరు మామకు ఇప్పటికీ తెలియదు. "ఎవురు, ఎడం తొడ మింద బరువేసి కూచుంటాడే, ఆయనా?" అంటాడు. ఎవరైనా పోయారని కబురొచ్చినా అంతే. ఒక్క క్షణం ఆలోచించి, "అయ్యో, ఎంత బాగా కూచునేవాడు" అని బాధపడతాడు.

కొట్టు గుమ్మం పక్కన ఒక ముక్కాలిపీట ఉంటుంది. కుర్చీ కొనడానికి ఎవరొచ్చినా ముందు దాని మీద కూర్చోవాలి. మామ వాళ్లకు టీ చెప్పి, చేతిలో సాండ్‌పేపర్ పట్టుకుని ఏదో మంచం కోడు రుద్దుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తుంటాడు. టీ అయ్యాక వాళ్లు లేస్తారు. అప్పుడు ఇంకా శ్రద్ధగా చూస్తాడు. "కూచోడం అందురూ నటిస్తారు రా. లేసేది ఎవురూ నటించలేరు" అనేది ఆయన సిద్ధాంతం. ఆ తర్వాతే మీకు ఏ కుర్చీ ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తేలుస్తాడు. మీకు నచ్చిన కుర్చీతో ఆయనకు పని లేదు.

నన్నూ ఆ పీట మీద కూర్చోబెట్టాడు. ఇంజనీరింగులో నాలుగు సెమిస్టర్లు కూర్చుని, ఐదో సెమిస్టరులో లేచి వచ్చేసిన రోజులవి. మా నాన్న మాట్లాడడం మానేశాడు. మా అమ్మ ఏడవడం మానలేదు. మామ మాత్రం ఎందుకు మానేశావని అడగలేదు. నేను మోకాలు ఊపుతుంటే టీ అయ్యేదాకా చూసి, "నువ్వు కూచునే రకం కాదు రా శివా. బండి కొనుక్కో" అన్నాడు. చిన్న లోడు బండి కొన్నాను. మద్రాసులో దాన్ని కుట్టియానై అంటారు, ఏనుగు పిల్ల అని. ఆరేళ్లుగా ఆయన సామానంతా నేనే మోస్తున్నాను. బండి తోలేది కూడా కూర్చునే కదా మామా అని ఒకసారి అడిగాను. "అది కూచోడం కాదు రా, పారిపోడం" అన్నాడు.

మైలాపూరులో ఎక్కడ పాత ఇల్లు కూలుస్తున్నారన్నా మామకు వాసన తగులుతుంది. ఇద్దరం బండేసుకుని పోతాం. ఆయన తలుపుల ధర అడిగే ముందు ఆ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చునేవాళ్లో అడుగుతాడు. కూల్చే కాంట్రాక్టరుకు ఏం తెలుస్తుంది? అయినా అడుగుతాడు. కుర్చీ చేతుల మీద అరుగుడు చూసి, "ఈయన పేపరు చదివేటోడు. ఈయమ్మ ఎప్పుడూ వీధిలోకి చూస్తా కూచున్నాది" అని తానే చెప్పుకుంటాడు. అట్లా దొరికిన బర్మా టేకు కుర్చీ ఒకటి ఆయన సొంతానికి ఉంచుకున్నాడు. నల్లగా, గట్టిగా ఉండేది. దాని మీద ఆయన తప్ప ఎవరూ కూర్చోకూడదు. ఆయన భార్య తాయారత్త ఒకసారి దాని మీద బియ్యం బస్తా పెట్టిందని రెండు రోజులు అన్నం తినలేదు. అంటే ఇంట్లో తినలేదు.

ఒకసారి శ్రీప్రియ అని ఐటీ కంపెనీలో చేసే ఆమె కారేసుకుని వచ్చింది. భోజనాల బల్లకు పాతకాలపు కుర్చీలు ఎనిమిది కావాలంది. మామ పీట చూపించాడు. అంత చిన్న పీట మీద ఆమె రెండు కాళ్లూ పైకి లాక్కుని బాసింపట్టు వేసింది. మామకు పట్టరాని సంతోషం.

"నీకు కుర్చీలొద్దమ్మా," అన్నాడు.

"నాకు వద్దని మీరెట్లా చెప్తారు సార్?"

"కాళ్లు కింద పెట్టి అర నిమిషం కూచో, ఎనిమిదీ ఇస్తా."

పట్టుదలగా కూర్చుంది. మామ గోడ గడియారం చూస్తూ ఉన్నాడు. పది సెకన్లకు ఒక కాలు దానంతటదే పైకి వచ్చింది. చివరికి ఆమె మోకాలెత్తు బల్లా, నాలుగు వెడల్పాటి పీటలూ కొనుక్కుని తిట్టుకుంటూ పోయింది. నెల తర్వాత ఆమె స్నేహితురాళ్లు ముగ్గురు వచ్చి, మమ్మల్ని కూడా పరీక్ష చేస్తారా అని అడిగారు.

ప్రతిసారీ ఇట్లా నెగ్గుతాడనుకోకండి. తాయారత్త మేనకోడలు హేమమాలినికి పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయి శ్రీకుమార్ వేలూరు నుంచి వచ్చాడు. కుర్చీ అంచున, అదీ ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. మామ వంటింట్లోకి పోయి, అందరికీ వినిపించేంత రహస్యంగా, "వద్దు తాయారూ. అంచున కూచున్నాడు. నిలబడే మనిషి కాదు, ఎగిరిపోతాడు" అని చెప్పాడు. మర్నాడు అబ్బాయి తండ్రి ఫోన్ చేశాడు. అబ్బాయికి సెగ్గడ్డ. కూర్చోరాని చోట. నాలుగు గంటలు బస్సులో నిలబడే వచ్చాడట. పెళ్లికి మామ చాలా మెత్తటి కేన్ కుర్చీ అల్లి ఇచ్చాడు. ఆ అల్లుడు ఇప్పటికీ మామ ఇంటికొస్తే కాఫీ నిలబడే తాగుతాడు.

ఇక రంగసామి తాత సంగతి.

రంగసామి తాత హార్బరులో నలభై ఏళ్లు క్రేను నడిపాడు. గొంతు కూడా క్రేను మీంచి కింద ఓడలోకి వినిపించే గొంతే. మా వీధిలో పిల్లలు అల్లరి చేస్తే తల్లులు పోలీసు పేరు చెప్పరు, ఆయన పేరు చెప్తారు. వాళ్ల నాన్న వాడిన పడక కుర్చీ ఒకటి ఉంది ఆయనకు. పొడుగాటి చేతులు, కేన్ అల్లిక. ప్రతి నెలా మొదటి ఆదివారం పాత హార్బరు స్నేహితులు నలుగురు ఆయనింటికి వచ్చేవాళ్లు. తాత ఆ కుర్చీలో వాలి కొలువు తీర్చేవాడు. ఐదు నెలలుగా ఆ కొలువు ఆగిపోయింది. కుర్చీ ఊగుతోంది, కేన్ తెగింది, బాగుచేయించాక పిలుస్తాను అన్నాడు. ఎన్నాళ్లని చూస్తారు? ఆ నలుగురూ టీ కొట్టు బల్ల మీద కలవడం మొదలుపెట్టారు, తాత లేకుండానే. అది తెలిసిన రోజే తాత నా బండి పిలిచాడు. కుర్చీని మామ కొట్టుకు చేర్చాను. వెనకాలే ఆయనా వచ్చాడు.

"నాయుడూ, పది దినాల్లో కావల్ల నాకు. వచ్చే మొదటి ఆదివారం మావోళ్లు వస్తారు," అన్నాడు మామతో.

"కూచో అన్నా, టీ తాగు," అన్నాడు మామ.

తాత పీట మీద కూర్చుని టీ తాగాడు. లేవబోయి ఆగి, చెప్పులు వెతుక్కున్నాడు. మళ్లీ లేవబోయి, మళ్లీ చెప్పులు చూసుకున్నాడు. మూడోసారికి లేచాడు. మామ సాండ్‌పేపర్ పక్కన పెట్టాడు.

"ఆర్నెల్లు పడతాది," అన్నాడు.

ఆ తర్వాత జరిగిన గొడవను వీధి మొత్తం మేడల మీదికెక్కి చూసింది. కేన్ అల్లి పాలీషు కొట్టడానికి ఆర్నెల్లా, ఓడ కడుతున్నావా అని తాత. టేకుకు చెమ్మ పట్టింది, ఆరాలి అని మామ. మర్నాడు పది గంటలకు తాత మళ్లీ వచ్చి తిట్టాడు. మామ కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆ మర్నాడూ అంతే. ఇదొక ఉద్యోగమైపోయింది. తాత పదింటికి వచ్చి, పావుగంట తిట్టి, టీ తాగి, చెప్పులు వెతుక్కుని, లేచి పోయేవాడు. మొదటి ఆదివారం వచ్చింది, పోయింది. ఆ రోజు తాత తిట్టడానికి కూడా రాలేదు.

నాకు ఒళ్లు మండింది. ఉన్నమాట చెప్తున్నాను, నేను తాత పక్షమే. సోమవారం పొద్దున్నే బండి తీసుకుని కొట్టుకు పోయాను. మామ లేడు, మేకులు కొనడానికి పోయాడంది తాయారత్త. కుర్చీ తీసుకుపోతున్నాను అత్తా, ఎవరు అడ్డమొచ్చినా ఆగను అన్నాను. లోపలికి పోతే కుర్చీ ముక్కలు ముక్కలుగా ఊడదీసి ఉంది. ఇంకా మండింది. గోడ మీద సుద్దతో ఏదో రాసి ఉంది. మామ రాతే.

ఇరవై నాలుగో తేదీ, పదమూడంగుళాలు, చెప్పులు. ఇరవై ఐదో తేదీ, పదమూడున్నర, చెప్పులు. ఇరవై ఆరో తేదీ, పద్నాలుగు, గొడుగు. దాని పక్కన చిన్న అక్షరాల్లో: వాన లేదు. ఇట్లా కిందిదాకా దిగింది. చిట్టచివర, పోయిన శనివారం, పదిహేడున్నర. పక్కన రెండు గీతలు కొట్టి: ఏమీ వెతకలేదు.

బయటికొచ్చి ముక్కాలిపీటను తలకిందులు చేశాను. మూడు కాళ్లకూ కింద సన్నటి చెక్కలు, ఒకదాని మీద ఒకటి, తొమ్మిదేసి అంటించి ఉన్నాయి. తాత తిట్టడానికి వచ్చిన ప్రతిరోజూ పీట అర అంగుళం పెరిగింది. తిట్టే హడావిడిలో తాతకు తెలియలేదు. చూసే నాకూ తెలియలేదు.

వెనక నుంచి మామ గొంతు వినిపించింది. "పీట కింద పెట్రా. జిగురు ఇంకా ఆరలే."

"ఈ మాట తాతకు చెప్పి ఉంటే పోయేది కదా మామా. రోజూ ఆ తిట్లెందుకు?"

"ఏమని చెప్పేది? అన్నా, నీ మోకాళ్లు పోయినాయి, నీ కుర్చీలోనించి నువ్వే లేవలేకుండా ఉండావు అనా? ఆ మాట ఆయన కాడ ఎవురూ అనకూడదనే గదరా ఐదు నెల్లుగా స్నేహితుల్ని రానీకుండా ఉండాడు. కుర్చీ చెడిందంటే నన్ను తిడతాడు. తిట్టనీ."

కుర్చీకి నాలుగంగుళాలకు పైగా కాళ్లు పెంచాలి. కొత్త కొయ్య అతికిస్తే తాత పట్టేస్తాడు. అదే వయసు, అదే నలుపు బర్మా టేకు కావాలి. ఎక్కడ దొరికింది అని అడిగాను. మామ వినిపించుకోకుండా రంపం తీసి పని మొదలుపెట్టాడు. కూర్చున్నది పెయింటు డబ్బా మీద. అప్పుడు చూశాను. ఆయన సొంత కుర్చీ మూలన గోడకు ఆనించి ఉంది. దానికి కాళ్లు లేవు.

మరుసటి నెల మొదటి ఆదివారం కుర్చీని తాత ఇంటికి చేర్చాం. స్నేహితులు నలుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి వెతికాను, దొరకలేదు. చేతుల చివర గుండ్రంగా చెక్కి పట్టు దొరికేలా చేశాడు. తాత చుట్టూ తిరిగి చూసి, కూర్చున్నాడు. ముఖం చిట్లించాడు.

"ఏమయ్యా నాయుడూ. ఎత్తు పెరిగినట్టుండాదే?"

"పాత టేకు అన్నా. వానాకాలం గదా, ఉబ్బుతాది."

"నాలుగంగుళాలా?"

"బర్మా టేకు. అది అంతే."

హార్బరులో నలభై ఏళ్లు బర్మా టేకు దుంగలు దింపిన మనిషికి చెప్పాల్సిన అబద్ధమేనా ఇది? తాతకు కోపం నషాళానికి అంటింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మామ ముక్కు దగ్గర వేలు పెట్టి, "నాకే టేకు పాఠం చెప్తావా నువ్వు" అని అరిచాడు. తర్వాత మాట మధ్యలో ఆగిపోయాడు. తను నిలబడి ఉన్నాడని అప్పుడు తెలిసింది ఆయనకు. ఒక్క ఊపున లేచాడు. చెప్పుల వైపు చూడను కూడా లేదు.

మెల్లిగా కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. స్నేహితులు ఏమిటన్నట్టు చూశారు. తాత మామను చాలాసేపు చూశాడు.

"పాలీషు సరిగా పడలేదు," అన్నాడు చివరికి. "రేపు పదింటికొచ్చి మాట్లాడతా."

"రా అన్నా. టీ చెప్తా," అన్నాడు మామ.

ఇప్పటికీ పదింటికి వస్తాడు. పాలీషు గురించి తిడతాడు. పీట కింద చెక్కలు అట్లాగే ఉన్నాయి.

మామ మాత్రం పెయింటు డబ్బా మీదే ఉండిపోయాడు. మొన్న అంబత్తూరులో ఒక పాత ఫ్యాక్టరీ ఆఫీసు ఖాళీ చేస్తుంటే అచ్చం అట్లాంటి టేకు కుర్చీ ఒకటి దొరికింది నాకు. బండిలో తెచ్చి కొట్టు ముందు దించాను. మామ కళ్లు మెరిశాయి. చేతులు తుడుచుకుని కూర్చోబోయాడు.

"ఆగు మామా. ముందు ఆ డబ్బా మీద కూచుని టీ తాగు," అన్నాను.

నవ్వి, కూర్చుని తాగాడు. గ్లాసు కింద పెట్టి లేవబోయి ఆగాడు. పెన్సిలు ఎక్కడ పెట్టానా అని నేల మీద వెతికాడు. మళ్లీ లేవబోయి, మళ్లీ వెతికాడు. పెన్సిలు ఆయన చెవి మీదే ఉంది.

నేను కుర్చీని తిరిగి బండిలోకి ఎక్కించాను.

"ఏందిరా, ఎక్కడికి తీసకపోతాండావు?"

"కాళ్లు సరిగా లేవు మామా, కుర్చీవి," అన్నాను. "ఆర్నెల్లు పడతాది."