నాగరత్నమ్మ టీచరు చేసిన తప్పులు

మొన్న ధర్మవరం స్టేషన్లో పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ వేళ్లకు నీలగిరి తైలం రాసుకుంటోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాగరత్నమ్మ టీచరు గుర్తొచ్చారు. కంప్యూటరు ముందు కూర్చునేటప్పుడు ఆమె కూడా వేళ్లకు అలాగే తైలం పట్టించేవారు. డెబ్బై దాటాక పట్టిన విద్య అది. హిందూపురంలో ఉన్న మనవరాలికి వీడియోలో లెక్కలు చెప్పడం కోసం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఆమెకు మౌసు పట్టడం నేర్పితే, ఆమె ఆ పిల్లకు భిన్నాలు నేర్పారు.

మాది పెనుకొండ వైపు పేరున్న కుటుంబం. పొలాలు పోయాక నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిలో గుమాస్తాగా చేరాను. ఉద్యోగం చిన్నదే కానీ, ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ వెళ్లలేదు. మా ఇంట్లో అడగడం అలవాటు లేదు, అడిగించుకోవడమే అలవాటు. అందుకే వచ్చే నెల నుంచి బిల్లులన్నీ కంప్యూటర్లోనే అని యజమాని చెప్పినప్పుడు తల ఊపి ఊరుకున్నాను.

"నేర్చుకుంటే ఉండప్పా. లేకుంటే నేనేం చేసేది?" అన్నాడాయన.

ఊళ్లో నేర్పే చోటు ఉంది. కాలేజీ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవడానికి మాత్రం నాకు కాళ్లు రాలేదు.

టీచరు మా వీధిలోనే ఉండేవారు. సంగతి ఎలా తెలిసిందో, ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా గడప ఎక్కారు.

"ఏమప్పా, తీరికగా ఉండావా? నేను పోయే కంప్యూటరు క్లాసులో బిల్లులు చేసేది చెప్తాండారు. పైకి చెప్పుకుంటే గాని నాకు నిలబడదు. నేను చెప్తా, నువ్వు తప్పులు పట్టు."

తప్పులు పట్టమనడం నాకు నచ్చింది. కుర్చీ వేసుకుని పరీక్షాధికారిలా కూర్చున్నాను. ఆమె రోజూ వచ్చేవారు. చీర రకం ఎక్కడ కొట్టాలో, పన్ను ఎక్కడ పడుతుందో పైకి చెబుతూ చేసేవారు. నిన్న సరిగ్గా చేసినదే ఈరోజు తప్పు చేసేవారు. నాకు చిరాకు పుట్టేది. చివరికి ఉండబట్టలేక ల్యాప్‌టాప్ నా వైపు లాక్కున్నాను.

"అట్ల కాదు టీచర్! ముందు సేవ్ చేసి, తర్వాత ప్రింటు ఇయ్యాల!" అని బిల్లు మొత్తం చేసి చూపించాను.

ఆమె కళ్లద్దాలు తీసి నవ్వారు. "వచ్చేసినాదే! ఇంగ నేను రాను పో. బిల్లులతో నాకేం పనప్పా, నేనేమన్నా అంగడి పెడతానా?"

నాకు ముఖం వేడెక్కింది. ఆమె అది చూశారు. గడప దాటబోతూ ఆగి, "ఈ తూరి నీకోసం నేను తప్పులు చేస్తి. ఇంగో తూరి ఎవరు చేస్తారు?" అన్నారు.

ఉద్యోగం నిలిచింది. కొన్నేళ్లకు టీచరు పోయారు. ఆ తర్వాత అంగడిలో ఇంకో పద్ధతి వచ్చింది. చీర మీది చీటీని ఫోనుతో చదివించాలి. మొదటిరోజే కొనేవాళ్లు ఎదురుగా నిలబడి ఉండగా ఫోను ఎంతకీ చదవలేదు. పక్కన కొత్తగా చేరిన పిల్ల చకచకా పని చేసుకుపోతోంది. చీరలు మడతపెడుతున్నట్టు నటించవచ్చు. కానీ నాకోసం తప్పులు చేసే మనిషి ఇక లేరు. లేచి నిలబడి, "అమ్మా, నాకు ఇది రాదు. కొంచెం చెప్పు," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. తన కుర్చీ పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

ఇప్పటికీ ఆ మాట అనవలసి వస్తే నిటారుగా నిలబడే అంటాను. మా వంశంలో అడిగినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. అడగడమైనా సరిగ్గా అడగాలి కదా.