దీక్రీ మా గదిలో ఉన్న రోజులు

అమ్మ కూరగాయల సంచిని గుండెలకు అదుముకుని మెట్లెక్కి వచ్చింది. ముఖానికి మాస్కు, దాని మీద మళ్ళీ చీర కొంగు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "దగ్గరికి రాకు బిడ్డా. ముందుగాల నీళ్లు పెట్టు, తానం చెయ్యాలె" అంది. అంతలో సంచిలోంచి ఏదో గుర్రుమంది. నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను.

అది కరోనా రెండోసారి ఊరిని పట్టి పీడించిన ఎండాకాలం. మగ్గాల పని కోసం తెలుగు పల్లె నుంచి వచ్చి మేము సూరత్‌లో, నవాగామ్‌లో ఉండేవాళ్ళం. ఒక బిల్డింగు రెండో అంతస్తులో ఒకటే గది, ముందు అందరికీ కలిపి పొడుగాటి గ్యాలరీ. నాన్న ఉధ్నాలో పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. నేను డిగ్రీ చదువుతున్నాను, చదువంతా ఫోన్లోనే. అమ్మ ఒక గుజరాతీ పెద్దావిడ ఫ్లాట్‌లో వంట చేసేది. ఆవిడను అందరూ 'బా' అనేవారు, గుజరాతీలో అమ్మ అని. భర్త పోయాక ఆ ఫ్లాట్‌లో ఆమె, ఆమె కుక్క, అంతే.

టాయ్ పొమరేనియన్ అంటారు దాన్ని. నారింజ రంగు బొచ్చుతో గుండ్రంగా కనిపించేది గానీ, స్నానం చేయిస్తే లోపల ఉడతంత ప్రాణే మిగిలేదట. బా దాన్ని 'దీక్రీ' అని పిలిచేది. బిడ్డా అని అర్థం. అమ్మకు మాత్రం అది పగదాని లెక్క. తడిబట్ట పెడుతుంటే వచ్చి మడమ కొరికేది. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి మీదికి ఎగిరేది. తన ఒళ్ళు ఎంతో దానికి తెలియదు, ఎదుటివాడు ఎంతవాడో అసలే పట్టదు. బా ఒడిలోంచి దిగితే మొరుగుడు, బా కంటికి కనబడకపోతే ఏడుపు.

ఆ పొద్దున బాకు ఆయాసం ఎక్కువై అంబులెన్స్ వచ్చింది. ఆమె కూతురు రాజ్‌కోట్‌లో ఉంటుంది. వాళ్ళింట్లోనూ అందరికీ జ్వరాలే. ఫోన్లో ఏడుస్తూ, "మేము వచ్చేదాకా దీక్రీని నువ్వే చూసుకో" అని అమ్మను బతిమాలింది. స్ట్రెచర్ మీద పడుకున్న బా మాట్లాడలేక, చెయ్యెత్తి కుక్క వైపు చూపించిందట. ఇక అమ్మ ఏమనగలదు? దాన్ని పాత తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని, ఆటోలో ఎవరికీ కనబడకుండా తెచ్చింది.

నాన్న తువ్వాలు విప్పాడు. కుక్క అతని వేలు అందుకోబోయింది. "ఓరి దీని!" అని నాన్న అరిచాడు. అరవడం అంటే కోపం కాదు. ఏళ్ళ తరబడి మగ్గాల మోతలో నిలబడి అతని చెవులు సగం పోయాయి, మామూలు మాట కూడా కేకలాగే వచ్చేది. కానీ ఆ సంగతి కుక్కకేం తెలుసు? అక్కడే నేల తడిపేసి, బియ్యం డ్రమ్ము వెనక దూరి, గొంతు చించుకుని మొరగడం మొదలుపెట్టింది.

ఇక ఆపలేదు. గ్యాలరీలో ఎవరు నడిచినా మొరుగుడే. బకెట్ చప్పుడైనా, కుక్కర్ కూత పెట్టినా అదే. పాలు పెట్టాం, పెరుగన్నం పెట్టాం, వాసన కూడా చూడలేదు. నాన్నకు ఒక్కడికే చీమ కుట్టినట్టు లేదు. "ఏడ మొరుగుతుంది? సన్నగనే ఉన్నది గద దాని గొంతు" అనేవాడు.

పక్క గదిలో ఒక పచ్చి బాలింత ఉండేది. సిరిసిల్ల వైపు మనిషి, నేను అక్కా అనేదాన్ని. ఆమె భర్త ఊరి అవతల జోల్వాలో మగ్గాల దగ్గరే ఉండిపోయాడు, వస్తే రోగం తెస్తానని భయపడి. మధ్యాహ్నానికి ఆమె గోడ మీద దబదబా కొట్టింది.

"వదినా! గా కుక్క నోరు మూపియ్యి జర. నా పోరి పొద్దటి సంది కన్ను ముయ్యలే!"

ఆ కేకతో గ్యాలరీ అంతా ఆరా తీసి తెలుసుకుంది, ఆ కుక్క ఎవరిదో, ఆ ఇంటికి అంబులెన్స్ ఎందుకొచ్చిందో. సాయంత్రం ఇంటి ఓనరు కిందినుంచి పిలిచాడు. ఆయనా మావైపు మనిషే. మగ్గాల్లో పనిచేయడానికే వచ్చి, తర్వాత ఈ బిల్డింగు కట్టుకున్నాడు. మెట్లు ఎక్కలేదు. వాకిట్లో నిలబడి తల పైకెత్తి మాట్లాడాడు.

"ఏంది చెల్లె, గిట్ల చేస్తివి? ఆ ముసలామె దవాఖానల పడ్డది. ఆమె కుక్కను దెచ్చి నా బిల్డింగుల వెడితివా? ఇంతమంది ఉంటున్నరు ఈడ. రేపు పొద్దుగూకే వరకు అది ఉండొద్దు. ఉంటే మీరు గూడ ఉండొద్దు."

అమ్మ లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. గది ఖాళీ చేయమంటే ఆ రోజుల్లో ఎవరు రానిస్తారు? మగ్గాలు సగం ఆగి ఉన్నాయి, నాన్నను వారంలో ఏదో ఒక రోజు పిలుస్తున్నారు. ఊరికి పోదామన్నా రైళ్ళలో రోగం భయం. పైగా అమ్మ ఆ పొద్దుటిదాకా బా పక్కన ఉన్న మనిషి. మేము పైకి అనలేదు గానీ, ఆమె తుమ్మితే నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం. ఆమె అది గమనించి, తన చాప తలుపు పక్కకు జరుపుకుంది.

మర్నాడు నేను లేచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. గ్యాలరీలో ఎవరో బిందె ఈడ్చుకుంటూ పోయారు. కుక్క మొరగలేదు. హమ్మయ్య, అలవాటు పడింది అనుకున్నాను. అమ్మ టెస్టు చేయించుకుని వస్తానని అప్పటికే క్యూలో నిలబడ్డానికి పోయింది. కాసేపటికి నాకే అనుమానమొచ్చి డ్రమ్ము వెనకకు వంగి చూశాను.

పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. ఎత్తితే మెడ వాలిపోయింది. పాదాలు చల్లగా ఉన్నాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"నాయినా! కుక్క సచ్చిపోతుంది!"

బా కూతురు ముందురోజే మాకు ఒక కుక్కల డాక్టరు నంబరు పంపింది. ఆ నంబరుకు చేశాను. ఆయనా జ్వరంతో ఇంట్లోనే పడి ఉన్నాడు, మాటకో దగ్గు. గుజరాతీలో గబగబా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "చివరిసారి ఎప్పుడు తిన్నది?"

"నిన్న పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"ఇంత చిన్న జాతి కుక్కలు ఒక పూట తినకపోతేనే కష్టం. దాని ఒంట్లో చక్కెర పడిపోయింది. చక్కెర నీళ్ళు చిక్కగా కలిపి చిగుళ్ళకు రుద్దండి. గొంతులో మాత్రం పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్ళు వెచ్చగా ఉంచండి. ఆలస్యం చెయ్యకండి."

చక్కెర డబ్బా తీశాను. ఖాళీ. నిన్న వచ్చేటప్పుడు అమ్మ తేవలసింది, ఆ హడావిడిలో మరిచిపోయింది. దుకాణం ఇంకా తెరవలేదు. పక్క గది వైపు పరుగెత్తాను. అక్క తలుపు తీయలేదు. కిటికీ రెక్క కొంచెం తెరిచి, ఒళ్ళో బిడ్డతో, "ఏంది?" అంది.

"చక్కెర గావాలె అక్కా. జల్ది. కుక్క పానం పోతుంది."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. నిన్న గోడ కొట్టిన మనిషి, ఇప్పుడు రెక్క మూసేస్తుందనే అనుకున్నాను. లోపలికి పోయి, తను నీరసానికి తాగే గ్లూకోజ్ పొడి డబ్బా తెచ్చి ఊచల్లోంచి అందించింది. "ఇది ఇంక జల్ది పని జేస్తది. ఉరుకు" అంది.

నాన్న కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన బనీను విప్పి దానికి చుట్టాడు. నేను గ్లూకోజ్ కలిపిన నీళ్ళు గిన్నెలో పట్టుకుంటే, అతను వేలు ముంచి, ఆ చిన్న నోట్లో పెట్టి, చిగుళ్ళకు మెల్లమెల్లగా రుద్దాడు. తెగిన దారం పోగు ముడివేసేటప్పుడు ఎంత నిదానంగా ఉంటాడో అంత నిదానంగా ఉన్నాడు. కుక్కలో చలనం లేదు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ రుద్దాడు. బయటినుంచి అక్క గొంతు వినిపించింది. ముక్కుకు చున్నీ కట్టుకుని మా గుమ్మం అవతల నిలబడి ఉంది.

"కాళ్లు రుద్దున్రి, కాళ్లు. సల్లవడనియ్యకున్రి."

నేను కాళ్ళు రుద్దాను. పుల్లల్లాంటి ఎముకలు, గట్టిగా పడితే విరుగుతాయేమోనని భయం. అప్పుడు నాన్న దాని చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. "లే పిల్లా. లే తల్లీ. మీ బా అడుగుతది మమ్మల్ని." గుసగుసలాడినట్టు అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతని నోట అంత సన్నటి మాట నేను వినలేదు.

ఎంతసేపైందో చెప్పలేను. ముందు నాలుక కదిలింది. తర్వాత నాన్న వేలిని నాకింది. ఇంకాసేపటికి తల ఎత్తి, ఎవరి ఒళ్ళో ఉందో చూసుకుని, సూదుల్లాంటి పళ్ళతో అదే వేలు కరిచింది.

"కరిసింది! కరిసిందే!" అని నాన్న సంతోషంతో కేక పెట్టాడు. కుక్క గజగజ వణికింది. అతను గబుక్కున తన నోరు తానే మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి అమ్మ వచ్చింది. అంతసేపు నిలబడ్డా టెస్టు కిట్లు అయిపోయాయన్నారట. పొద్దు వాలుతుండగా ఓనరు చెప్పినట్టే వచ్చాడు. ఈసారి పైకే వచ్చి గ్యాలరీ మొదట్లో నిలబడ్డాడు. అన్ని గదుల గుమ్మాల్లో మనుషులు.

"ఏం చెల్లె, పంపిచ్చినవా?"

అమ్మ గడప మీదికి వచ్చింది. "అన్నా, నేనొక మాట అడుగుత. ఆమెకు రోజూ వండిపెట్టింది కుక్కనా, నేనా? ఆమె దగ్గుతుంటే వీపు రాసింది నేను. రోగమొస్తే నాతోని వస్తది గని దానితోని రాదు. ఎల్లగొడితే నన్ను ఎల్లగొట్టు. నోరులేనిదాన్ని అనకు."

 మేము మా నాలుగు గోడల మధ్య కూడా అనడానికి భయపడ్డ మాటను ఆమె అందరి ముందూ అనేసింది. రెండు మూడు తలుపులు టపటపా మూసుకున్నాయి. ఓనరు వెనక్కి జరిగి మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు.  అప్పుడు పక్క గది కిటికీలోంచి అక్క అంది, "ఉండనియ్యి అన్నా. ఈ దినాలల్ల ఏడికి వోతరు? మొరిగితే నా పోరికి గద తిప్పలు, ఇప్పుడు నేనేమన్న అంటున్ననా?"

ఆయన "సరే. కుక్క గ్యాలరీలకు రావొద్దు. నువ్వు సుత రాకు చెల్లె, కొన్నొద్దులు. నీళ్లు నేను పంపిస్త" అని దిగిపోయాడు. అన్నట్టే రోజూ మా గుమ్మం దగ్గర నీళ్ళ డబ్బా పెట్టించాడు.

అమ్మకు గొంతు నొప్పి వచ్చింది, ఒళ్ళు కాలింది, తర్వాత తగ్గిపోయింది. అది కరోనానా కాదా మాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో నాన్నకు ఒకటే పని. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా, పూటపూటకూ దానికి తినిపించడం. మంచం మీదినుంచి దూకితే కాలు విరుగుతుందని మంచాన్ని మడిచి గోడకు నిలబెట్టాడు, అందరం నేల మీదే పడుకున్నాం. దాని ముందు మాట తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నాడు. అతని ఒళ్ళో ఉన్నంతసేపు అది మొరిగేది కాదు. అతను లేచి బాత్రూమ్‌కి పోతే మాత్రం బిల్డింగు లేచిపోయేది.

రాజ్‌కోట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా బా సంగతి ఏం చెబుతారోనని ముగ్గురం లేచి కూర్చునేవాళ్ళం. ఆక్సిజన్ పెట్టారు అన్నారు. తగ్గింది అన్నారు. మళ్ళీ పెట్టారు. ఒకసారి చాలా రోజులు కబురే లేదు, చేస్తే ఎత్తలేదు. అమ్మ ఫోన్ వైపు చూడటం మానేసింది. కుక్కకు అన్నం కలుపుతూ నాన్న, "పిల్లకు మనమే దిక్కేమో" అన్నాడొకసారి. ఆ మాటలో దిగులెంతో, ఆశెంతో నేను తేల్చుకోలేకపోయాను.

కానీ బా బతికింది. ఇంటికి తెచ్చారని కబురు వచ్చిన రోజు ముగ్గురం పోయాం. కుక్కను నాన్నే ఎత్తుకున్నాడు. బా మంచం మీద సగానికి సగమై కూర్చుని ఉంది. ముక్కులో గొట్టం, పక్కన గుర్రుమనే యంత్రం, తల పూర్తిగా నెరిసిపోయింది. రెండు చేతులూ చాచి "దీక్రీ" అంది. ఆ గొంతు ఆమెదిలా లేదు, బొంగురుపోయింది.

కుక్క ఆమెను చూసి మొరిగింది. అపరిచితుల మీద మొరిగినట్టే పళ్ళు చూపించి, నాన్న చంకలోకి తల దూర్చేసింది. బా చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా ఓపిక లేదు. నాన్న తలొంచుకున్నాడు, తప్పు తనదే అయినట్టు.

"దవాఖాన వాసనొస్తుంది బా, దానికి. మళ్లా మెల్లగ వస్తది" అని అమ్మ తనకొచ్చిన గుజరాతీలో అంది.

ఆ రోజు అది మాతోనే తిరిగొచ్చింది. తర్వాత నుంచి అమ్మ పనికి పోయేటప్పుడు దాన్ని తీసుకెళ్ళేది, వచ్చేటప్పుడు తెచ్చేది. మొదట్లో అది గది మూలనే కూర్చునేదట. తర్వాత మంచం దాకా వచ్చి వాసన చూసి పోయేదట. బా పిలవడం మానేసి, ఊరికే చెయ్యి కిందికి వేలాడేసి ఉంచేదట. ఒకరోజు అమ్మ పని ముగించుకుని సంచి తెరిస్తే అది రాలేదు. బా కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుని, దగ్గరికి పోతే అమ్మ మీద గుర్రుమంది.

ఆ సాయంత్రం అమ్మ ఒట్టి సంచితో మెట్లెక్కింది. నాన్న అప్పటికే పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టి ఉన్నాడు.

"పిల్లేది?"

"ఆన్నే ఉన్నది. రానన్నది."

నాన్న గిన్నె పక్కన పెట్టి లేచి, చొక్కా వేసుకున్నాడు.

"గిప్పుడు ఏడికి?" అంది అమ్మ.

"బాకు ఓపిక లేదు. దానికి తినిపిచ్చేదెవలు? బిడ్డా, డబ్బా మూత ఇటియ్యి" అన్నాడు. అన్నం డబ్బాలోకి తీసి మూత బిగించి, మాస్కు పెట్టుకుని దిగిపోయాడు.