మెకింటైర్ సార్ చేతిలో రంపం

ఈ పొద్దు కువైట్‌లో ఫింటాస్ కాడ ఒక ఫ్లాటుకు తలుపు బాగుచేసేదానికి పోయినా. తలుపు మీద పేరు చూసి ఎగిరి గంతేసినంత పనైంది. మెకింటైర్!

1990లో ఇరాక్ వాళ్లు కువైట్‌లో దిగి తెల్లోళ్లను పట్టుకుపోతుంటే, మా నాయన సల్వాలో తన వడ్రంగి షెడ్డులో దాచింది ఈ పేరున్న సార్‌నే. సైనికులు రాగానే ఆయన చేతికి రంపమిచ్చి, "నజ్జార్, నజ్జార్" అన్నాడంట. అరబ్బీలో వడ్రంగి అని. "నా బతుకులో ఆడిన పెద్ద అబద్ధం అదేరా" అని ఇప్పటికీ చెప్తాడు.

ఫ్లాటులో ఉండే స్కాట్లాండ్ మేడమ్‌ను, ఆ సార్ మీకేమవుతారని అడిగినా. ఆమె నవ్వింది.

"నాకు తెలీదు. మా ఇంటిపేరు వాళ్లు కెనడా, ఆస్ట్రేలియా అంతటా ఉన్నారు. మా పాత భాషలో దానికర్థం వడ్రంగి కొడుకు."

మా ఇంటిపేరు వడ్ల, అంటే వడ్రంగే! చేతిలో సుత్తి ఉండంగానే రాయచోటికి ఫోన్ కొట్టినా.

"నాయనా, నువ్వు అబద్ధం ఆడలేదు! ఆ సార్ నిజంగానే మన వడ్లోళ్ల బిడ్డ!"

నాయన వెంటనే అడిగినాడు.

"మరి ఆ పొద్దు రంపం తిరగేసి పట్టుకున్నాడేందిరా?"

మీ ఇంటిపేరులో ఉన్న పని మీలో ఎంతమందికి వచ్చు? నిజం చెప్పండి.