దీవిలో కెప్టెన్ గది

వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే వాడికి గౌరవమిచ్చినట్టవుతుంది. మా కంపెనీ మేనేజర్ అంటే చాలు. మాదీ వాడిదీ కోనసీమలో ఒకే రేవు, చిన్నప్పుడు ఒకే పడవ మీద వల లాగినవాళ్ళం. కువైట్ వచ్చాక వాడు కోటు తొడిగి, మాది రైసుమిల్లుల కుటుంబమని యజమానికి చెప్పుకున్నాడు. నేను విని ఊరుకున్నాను. అబద్ధంతో అన్నం తింటే నాకేం పోయిందిలే అనుకున్నాను.

మా కఫీల్, అంటే ఆ యజమాని, తీరానికి దూరంగా ఉన్న చిన్న దీవిని లీజుకు తీసుకుని విడిది గదులు కట్టించాడు. అనుమతి కావాలంటే దీవికి సొంత కాపలా దళం ఉండాలన్నారు అధికారులు. పడవలు ఉండాలి, మునిగేవాణ్ణి తీసే మనుషులుండాలి, సముద్రం మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి. పరీక్ష పెట్టి చూశాకే జనాన్ని రానిస్తామన్నారు.

మేనేజర్ నన్ను పిలిచి, "తమ్ముడూ, నీ చేతిలో పెడుతున్నాను. దళం నిలబెట్టు, కెప్టెన్‌వి నువ్వే. కెప్టెన్‌కి దీవిలో గదుంది, వంటిల్లుంది. మీ ఆవిడ ఇఖామా, ఆ ఉండే పర్మిట్టు, కూడా మన కంపెనీకి మార్పించి వంటపనిలో పెడతాను. ఇద్దరూ ఒకచోట ఉండొచ్చు," అన్నాడు.

నా భార్య జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తూ అక్కడే ఉంటుంది. నేను కంపెనీ గదిలో మరో ఐదుగురితో. ఒకే దేశంలో ఉండి మేం కలిసేది శుక్రవారం సెలవునాడు ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో, అదీ ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, సెలవిస్తేనే. గది ఫోటో చూపించగానే కిటికీకి ఏ రంగు పరదానో అప్పటికప్పుడే తేల్చేసింది. పొయ్యి ఎటువైపు పెట్టాలన్న దాని మీద మాత్రం తర్వాతి శుక్రవారం కూడా పోట్లాడుకున్నాం. లేని పొయ్యి మీద పోట్లాట. ఎంత బాగుండేదో.

ఇక దళం సంగతి. ఇచ్చిన మనుషులేమో ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్ళు, ఇద్దరు ఈజిప్టు వాళ్ళు, ఒక నేపాలీ, ఒక శ్రీలంక అతను. ఒకడి మాట ఒకడికి తెలియదు. గాలి లేచి పడవ ఊగినప్పుడు ఎవడికీ ఇంగ్లీషు గుర్తుకు రాదు. అందుకని మా రేవు పద్ధతే పెట్టాను. ముందున్నవాడు "ఓలెస్సా" అని అందుకుంటే మిగతావాళ్ళు "హైలెస్సా" అంటూ ఒక్కసారి లాగాలి. పట్టు, వదులు, తిప్పు, అన్నీ తెలుగులోనే. నెల తిరిగేసరికి ఆ ఈజిప్టు వాళ్ళు మా రేవు కుర్రాళ్ళలాగే అరిచేవారు. నీళ్ళ మీద తేలే లంగరు బోయాలు వేయించాను, గట్టుకి పాత టైర్లు కట్టించాను, కాపలా వంతులు పంచాను. ఇసుక కుక్కిన బొమ్మను నీళ్ళలోకి విసిరితే, తలదాకా మునగకముందే పడవలోకి ఎత్తేవాళ్ళు.

దళం నిలబడింది. ఏరు దాటాక తెప్ప తగలేశాడు వెధవ. కెప్టెన్‌గా తన బామ్మర్దిని తెచ్చి పెట్టుకున్నాడు. అతగాడు హైదరాబాదులో హోటల్ కోర్సు చదివినవాడు, భార్యతో సహా ఆ గదిలో దిగాడు. నన్ను అర్దియాలో ఇంజన్లు బాగుచేసే షెడ్డుకి పంపారు. ఆ శుక్రవారం నా భార్య పరదా గుడ్డ కొని సంచిలో తెచ్చింది, సంగతి విని బయటికి తీయకుండానే పట్టుకెళ్ళిపోయింది. అది చూశాక నాకు వాడి మీద పగ పుట్టింది. తిండి తింటున్నా అదే, ఇంజన్ విప్పుతున్నా అదే.

బామ్మర్ది వచ్చీరాగానే మా కేకలు మాన్పించాడు. ఇదేమన్నా చేపల రేవా, ఆర్డర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే అయింది వాళ్ళ పని. పరీక్షకి ముందు రోజు సాధన చేయిస్తే తాళ్ళు చిక్కుపడి బొమ్మ అడుక్కి పోయిందట.

ఆ సాయంత్రం మేనేజర్ స్వయంగా షెడ్డుకి వచ్చాడు. బూట్లకి గ్రీజు అంటుకుంటున్నా పట్టించుకోలేదు.

"తమ్ముడూ, రేపు నువ్వొచ్చి కేక పెట్టు. గట్టెక్కించు. గది నీదే, బామ్మర్దిని పంపించేస్తాను. నా పిల్లల మీద ఒట్టు."

వాడి మాట నీటి మీద రాత. అది ఒకసారి చూశాను.

"వస్తానన్నా," అన్నాను. "ఇంజన్ చూసుకుంటాను. నోరు మాత్రం విప్పను. నీకూ వచ్చు కదా, నువ్వే అరువు."

"కఫీల్ ముందా? నా పరువేం కావాలి?"

"మరి నా ఇల్లేం కావాలి?"

మర్నాడు గట్టు మీద కఫీల్, అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. బొమ్మను నీళ్ళలోకి విసిరారు. బామ్మర్ది ఇంగ్లీషులో ఏదో అరిచాడు. ముగ్గురు లాగారు, ముగ్గురు వదిలారు, పడవ అడ్డం తిరిగింది. అందరూ నా వైపే చూశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ నిలబడలేదు. మేనేజర్ మొహం మాడిపోయింది. నా కళ్ళలోకి ఒకసారి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

చివరికి కోటు విప్పి గట్టు మీద పడేసి, మెడ నరాలు పొంగేలా "ఓలెస్సా" అన్నాడు. ఆరుగురూ "హైలెస్సా" అంటూ ఒక్క ఊపులో లాగారు. చెప్పకేం, గొంతు బాగుంది వెధవది, మా రేవు గొంతు. బొమ్మ పైకి వచ్చింది. అధికారులు తలలూపి సంతకం పెట్టారు.

కఫీల్ పగలబడి నవ్వాడు. "రైసుమిల్లు అన్నావే? ఈ పని నీకు ఇంత బాగా వస్తే ఆఫీసులో ఏం చేస్తున్నావు? ఖలాస్. ఇకనుంచి నువ్వే కెప్టెన్, ఇక్కడే ఉండు," అన్నాడు. ఆఫీసు పోయింది, కారు పోయింది, కోటు పోయింది. బామ్మర్ది పెట్టె సర్దుకున్నాడు. కుదిరింది తిక్క అనుకున్నాను. తిరుగు పడవలో దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాను.

శుక్రవారం నా భార్యకు అంతా చెప్పాను. వాడు అరిచినట్టు అరిచి మరీ చూపించాను. నవ్వుతుందనుకున్నాను.

"షెడ్డుకొచ్చినపుడు గది ఇత్తానన్నాడా?" అంది.

"అన్నాడు. వాడి మాట ఎవడు నమ్ముతాడు?"

"నువ్వు కేక పెట్టేముందు గది మాట కఫీల్ దగ్గరే సెప్పించమనాల్సింది. ఆయ్, అడిగావా?"

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు నాకు. వాడు అరవాలి, అందరూ వినాలి, అంతే అనుకున్నాను. అదే చెప్పాను.

"మరిపుడా గదిలో ఎవరుంటన్నారు?"

"వాడే. పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకున్నాడట."

మామా పంపిన కారు గేటు దగ్గర ఆగింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"నీ పగ నువ్వు తీర్సుకున్నావు," అంది. "నేనెవరి మీద తీర్సుకోవాలయ్యా?"