జడ్జి గారు ఒక్కరా, ఇద్దరా?

నేను డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే, ఇప్పుడు డిగ్రీ కూడా. ఫోన్‌లో రిజల్టు నాలుగుసార్లు తెరిచి చూశాను. పాసే. ఎలా పాసయ్యానో మాత్రం ఇంకా అర్థం కావడం లేదు.

గల్ఫ్‌లో, రాస్ లఫాన్ ప్లాంటుకు వెళ్లే కంపెనీ బస్సులో కూర్చుని దూరవిద్యలో చరిత్ర చదివాను. చివరి ప్రాజెక్టుకు నాకు వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నాయకుడొకడి జీవితం. తన రాష్ట్రంలో శాసనసభకు గెలిచాడు. తర్వాత జడ్జి. ఆ తర్వాత చూస్తే మళ్లీ శాసనసభలో ఉన్నాడు! చట్టం చేసినవాడే తీర్పు చెప్పడమేంటి, మళ్లీ వచ్చి ఓట్లడగడమేంటి? పేరు ఒకటే కాబట్టి తండ్రీకొడుకులై ఉంటారనుకుని, ఇద్దరి కథగా పన్నెండు పేజీలు రాసేశాను. పంపడానికి ఇక రెండు రోజులే ఉన్నాయి.

లేబర్ క్యాంప్‌లో నా కింది మంచం కాకకు చదివి వినిపించాను. ఊళ్లో ఒకప్పుడు సర్పంచ్, ఇక్కడ కాంక్రీటుకు ఇనుప రాడ్లు కడతాడు.

"కొడుకు యాడికెల్లి వచ్చిండురా?" అన్నాడు.

"మరి జడ్జి ఓట్లకెట్ల నిలబడ్తడు కాకా?"

"నేను నిలబడలేదా? గెలిస్తి, పంచాయితీలు తెంపి తీర్పులు చెప్తి. ఓడిపోతి, ఈడ రాడ్లు కడ్తున్న. నేనెంతమందినిరా, ముగ్గురినా?"

"ముగ్గురైతే ఇంకో రెండు మంచాలడుగు కాకా!" అని గదంతా నవ్వింది.

మళ్లీ వెతికితే నిజమే, ఆ రాష్ట్రంలో జడ్జీలను కూడా ఓట్లతోనే ఎన్నుకునేవారట. కొడుకును కొట్టేసి పేజీలన్నీ తిరగరాశాను.

వీడియోలో ప్రాజెక్టు మీద ఇంటర్వ్యూ చేసిన సారు, "ఓట్లడిగే మనిషి న్యాయంగా తీర్పు ఎలా చెబుతాడు?" అన్నారు. పుస్తకంలోది కాకుండా కాక సంగతే నోటికొచ్చింది.

"మా కాక చెప్పేటోడు సార్. అందుకే ఓడిపోయిండు."

సారు నవ్వలేదు. ఏదో రాసుకున్నారు. పోయిందనుకున్నాను.

ఆ జవాబు వల్ల పాసయ్యానో, ఆ జవాబు చెప్పినా పాసయ్యానో! కాకను అడుగుదామంటే నాకు ఇవాళ సెలవు, ఆయనకు డ్యూటీ. ప్లాంటు గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

అమ్మ. "దుబాయ్‌ల సదువెట్ల సదివినవ్‌రా?" అంటుంది. ఆమెకు గల్ఫంతా దుబాయే.

పదో తరగతిలో సోషల్ చెప్పిన సారు.

సిటీలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో జిరాక్స్ షాపు మలయాళీ భాయ్. తండ్రీకొడుకులనూ ప్రింటు తీశాడు, ఒక్కడినీ తీశాడు.

వీళ్లందరికంటే ముందు కాక, గేటు బయటికి రాగానే.