పుస్తకం మూస్తే పడే బంతి

నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. 1994 ఆగస్టు ఒకటి, సోమవారం నాడు ఆటల మేడం వచ్చి, బాస్కెట్‌బాల్ పిల్లలు ఎందుకు ఓడిపోతున్నారో లెక్క తీసి చెప్పమంది. నాకు ఆట రాదు. అయినా నాలుగింటికి నోటుపుస్తకం పట్టుకుని కోర్టు పక్క బెంచీ మీద కూర్చున్నాను.

ఆరు సాయంత్రాలు రాశాను. దూరం నుంచి విసిరినవి నూట నలభై, పడ్డవి ఇరవై ఒకటి. రింగు దగ్గర నుంచి వేసినవి అరవై, పడ్డవి ముప్పై మూడు. తప్పి వెనక్కి వచ్చిన బంతిని, అంటే రీబౌండును, అందుకోవడానికి కింద ఒక్కరూ ఉండేవారు కాదు. దగ్గరికి వెళ్లి వేయమన్నాను. రీబౌండు పట్టినవారికి నల్లబోర్డు మీద ఒక గీత పెడదామన్నాను. బుట్టలో పడ్డదానికి గీత వద్దన్నాను. పెడితే మళ్లీ దూరం నుంచి విసురుతారని నా అనుమానం.

టీములో ఒక్క చోటు ఖాళీ. నెలాఖరుకు ఎవరి గీతలు ఎక్కువుంటే వారికే అన్నది ఆటల మేడం. పోటీ ఇద్దరి మధ్య. ఒకరు అశోక్‌నగర్ నుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల, నా క్లాసే. రెండోది పొడుగుపిల్ల. తల్లిదండ్రులు పాలమూరు నుంచి వచ్చి కట్టడం పనులు చేసేవారు. దోమలగూడ బస్తీలో ఒకే గదిలో ఏడుగురు. టీములో చేరితే హాస్టల్లో సీటు వస్తుంది. చదువుకోవడానికి ఆమెకు కావలసింది అదే.

మూడో వారంలో ఆమె గీతలు రోజుకు నాలుగు నుంచి పదకొండుకు పెరిగాయి. అంత పెరుగుదలను నేను నమ్మను. చూస్తే, ఆమె పట్టేవి చాలావరకు తను వేసి తప్పినవే. రింగు కిందే నిలబడి వేసినా తప్పేది. బంతి రింగు వెనకున్న చెక్క మీద ఒకే చోట తగిలి తిరిగి ఆమె చేతిలోకే వచ్చేది.

గురువారం నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టాను. కొంగు కింద వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాను. తొమ్మిది వేసింది, ఎనిమిది పడ్డాయి. మర్నాడు పుస్తకం తెరిచి కూర్చున్నాను. తొమ్మిదికి మూడు.

ఆట అయ్యాక నల్లా దగ్గర ఆమెను పట్టుకున్నాను.

“ఏంది, నేను బుక్కు మూస్తేనే బాల్ పడ్తదా?”

ముఖం కడుక్కుంటున్నదల్లా ఆగింది. “చూసిండ్రా మేడం?”

“సిగ్గు లేదా నీకు?”

“బుట్టల పడితే గీత లేదు, పడకపోతే ఉంది. గా రూలు నేను పెట్టిన్నా?”

ఆ రాత్రి చిక్కడపల్లిలో ఇంట్లో కూర్చుని రూలు మళ్లీ రాశాను. శనివారం నల్లబోర్డు మీది గీతలన్నీ తుడిచేశాను. దగ్గర నుంచి వేసింది బుట్టలో పడితే గీత, వేరేవారు వేసి తప్పింది పట్టుకుంటే గీత, తను వేసి తప్పింది తనే పట్టుకుంటే లేదు. ఇద్దరూ సున్నా నుంచే. కారణం ఆటల మేడానికి కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్లను ఆ రోజే తీసేసేది.

నెలాఖరుకు మా పిల్లలు వేసిన ప్రతి రెండింటిలో ఒకటి పడుతోంది. పొడుగుపిల్లకు అరవై రెండు గీతలు, సైకిల్ పిల్లకు అరవై. సెప్టెంబరు రెండున పొడుగుపిల్ల పెట్టె తెచ్చుకుని హాస్టల్లో చేరింది.

ఆ సాయంత్రమే సైకిల్ పిల్ల నోటుపుస్తకం అడిగింది. మెట్ల మీద కూర్చుని రెండుసార్లు కూడింది.

“టోటల్ కరెక్టే మేడం. రూల్ ఎందుకు మార్చిండ్రో గదే రాయలే ఇందుల.”

“మొదటిది తప్పు రూలు, అందుకే.”

“తప్పని ఎవరు చెప్పిండ్రు?”

ఎవరూ చెప్పలేదన్నాను. ఆమె నమ్మలేదు. ఆ ఏడాదంతా నేను దిద్ది ఇచ్చిన ప్రతి పేపరునూ నా ఎదుటే నిలబడి మళ్లీ కూడి చూసుకునేది.