నవ్వు మీట

అటక మీంచి దించిన పాత ల్యాప్‌టాప్ సంచి జిప్పు తీయగానే ముందు దుమ్ము వాసన, దాని వెనకే యాలకుల వాసన వచ్చాయి. హైదరాబాద్ దుమ్ము కాదది, దోహా దుమ్ము. మైదాపిండిలా మెత్తగా ఉండి, మూసిన కిటికీల్లోంచి కూడా ఇంట్లోకొచ్చి దేవుడి పటాల మీద కూర్చునేది. యాలకులు కరక్ చాయ్‌వి, నాన్న ఎప్పుడో కీబోర్డు మీద ఒలకబోసిన కప్పువి. ఆ కీబోర్డులో ఒక మీట మీద అమ్మ గోళ్ళరంగుతో నేను పెట్టిన ఎర్రచుక్క ఇంకా చెక్కుచెదరలేదు. దాన్ని చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మేం అబూ హమూర్‌లో ఉండేవాళ్ళం, ఒక పెద్ద విల్లాని నాలుగు ముక్కలు చేసి అద్దెకిస్తే అందులో ఒక ముక్కలో. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరు ఊరంతా తవ్విపోసిన ఏళ్ళవి. నిన్న స్కూలుకెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మేడెక్కి క్రేన్లు లెక్కపెట్టడం మా పిల్లల ఆట, పొగమంచు పట్టిన రోజున ఆట రద్దు. వేసవిలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలేది, ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి అమ్మ కరివేపాకు మొక్కకి పోసేది. ఉగాదికి వేపపువ్వు కాకినాడ నుంచి ఎండబెట్టినది వచ్చేది, అమ్మ దాన్ని మందులా కొలిచి వాడేది.

శుక్రవారం సెలవు. పెసరట్లు తిని, నాన్నా నేనూ హార్డ్‌డిస్కులో నింపుకున్న అమెరికా కామెడీ సీరియళ్ళు చూసేవాళ్ళం. వాటిలో ప్రతి జోకు తర్వాతా కనపడని జనం నవ్వుతారు కదా, ఆ నవ్వు రావడానికి అరక్షణం ముందు చప్పట్లు కొట్టడం మా పందెం. నాకు పన్నెండేళ్ళు, ఇంగ్లీషు జోకులు సగం అర్థమయ్యేవి కావు. అయినా నేనే గెలిచేదాన్ని. మాట ఎలా లేచి ఎక్కడ దిగితే నవ్వొస్తుందో నా చేతులకి తెలిసిపోయింది, అర్థంతో పని లేకుండానే.

నాన్నకి వాటిలో నటించే ఒక ర్యాపరంటే ప్రాణం. అతని పాత పాటలు వేరే ఫోల్డర్లో ఉండేవి, బూతులుంటాయని నన్ను విననిచ్చేవాడు కాదు. దొంగచాటుగా విన్నాను. బూతుల కంటే కోపం ఎక్కువ వాటిలో, తన వీధిలో కాల్పుల్లో చచ్చిపోయిన స్నేహితుల పేర్లు ఊపిరి తిప్పుకోకుండా వరసగా చదివేవాడు. అదే మనిషి టీవీలోకి మొదట ఒక్క ఎపిసోడ్‌కి చుట్టంచూపుగా వచ్చాడు, తన పేరుతో తనలాగే. జనం బాగుందన్నారేమో, ఇంకో సీరియల్లో పక్కింటివాడయ్యాడు. చివరికి తనకే ఒక సీరియల్ వచ్చి, పిల్లల హోంవర్కు చూస్తూ పెళ్ళాం చేత చివాట్లు తినే తండ్రయ్యాడు. టోపీ అదే, నడక అదే, గొంతూ అదే. ఆ స్నేహితుల పేర్లు మాత్రం మళ్ళీ ఎక్కడా రాలేదు.

"చూశావటే, ఎక్కణ్ణించి ఎక్కడికొచ్చాడో!" అని మురిసిపోయేవాడు నాన్న. నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. సోఫా ఉన్న ఇంట్లోకి అతన్ని రానిచ్చారు, నిజమే. కోపాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మన్నారు.

నాన్న అల్ తుమామా స్టేడియం పనిలో సేఫ్టీ ఆఫీసరు. ప్రతి ఉగాదికీ తెలుగువాళ్ళ సభలో ఆయన రాసిన హాస్యనాటిక ఉండాల్సిందే. ఆ ఏడు అచ్చం అమెరికా సీరియల్లా వేద్దామన్నాడు: స్టేజీ మధ్యలో సోఫా, జోకు జోకుకీ రికార్డు నవ్వు, ఊరి నుంచి ఊడిపడి ప్రతిదానికీ ర్యాప్ పాడే బావమరిది. నవ్వుని ఒక సీరియల్లోంచే కత్తిరించి ల్యాప్‌టాప్‌లో ఒక మీటకి అతికించాడు. ఎనిమిది సెకన్ల నవ్వది, చివర్లో ఒకావిడ ఎక్కిళ్ళు పెట్టినట్టు నవ్వుతుంది. మీట నొక్కే పని నాది.

బావమరిది వేషానికి మనిషిని సైట్‌లోనే పట్టుకున్నాడు. రాజేశం జగిత్యాల దగ్గరివాడు, ఇనప గొట్టాలతో పరంజా కట్టేవాడు, పనిలో అలుపు తెలియకుండా మాటలు అల్లి గబగబా పాడతాడని పేరు. మా ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చుని, అమ్మ పెట్టిన గారె చేతిలో పట్టుకుని పాడాడు.

"ఫోర్మనేమొ యల్లా అంటడు, కాళ్ళేమొ మాఫీ!
ఎండకేమొ డ్యూటీ ఉన్నది, నీడకేమొ మాఫీ!"

యల్లా అంటే కానీయ్ అని, మాఫీ అంటే లేదని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. మేం పగలబడి నవ్వాం. రాజేశం నవ్వలేదు, గారె పళ్ళెంలో పెట్టి ఇంకో చరణం ఉందన్నాడు. అది అతనుండే కూలీల క్యాంపులో పక్కమంచం మల్లేశ్‌ది. రోజంతా ఎండలో పనిచేసొచ్చి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిందని కాగితంలో రాశారు, ఎందుకాగిందో రాయలేదు.

"ఆ చరణం వద్దు రాజేశం. పండగ పూట. పైగా మా పైవాళ్ళంతా ముందు వరసలో ఉంటారు."

"పేరొక్కటి జెప్తె సాలు సార్. ఆని పేరు నలుగుట్ల ఒక్కపారి ఇనవడాలె. మావోళ్ళకు మాటిచ్చిన."

నాన్న తల అడ్డంగా ఊపాడు. రాజేశం సరే సార్ అన్నాడు, గారె తినలేదు. నాన్న నా స్క్రిప్టులో 'మాఫీ' అన్నచోటల్లా ఎర్రగీత గీశాడు, అక్కడ నొక్కాలని.

ఉగాది సభ జరిగిన శుక్రవారం స్కూలు ఆడిటోరియమంతా పులిహోర వాసన, పట్టుచీరలు, సెంట్లు. వెనక వరసల్లో క్యాంపు నుంచి బస్సులో వచ్చిన వాళ్ళు, ఇస్త్రీ మడతలు చెదరని చొక్కాలతో. నాటిక భలే సాగింది. రాజేశం మాఫీ అంటాడు, నేను నొక్కుతాను, అమెరికా వాళ్ళు నవ్వుతారు, వాళ్ళ వెనకే మనవాళ్ళూ నవ్వుతారు. ఆఖరి చరణమయ్యాక అతను దిగిపోవాలి. దిగలేదు, వెనక వరసల వైపు తిరిగాడు.

"పక్కమంచం మల్లేశు పొద్దుగాల లేవలేదు,
యల్లా అంటె పలుకలేదు, ఊపిరేమొ మాఫీ..."

నా వేలు దిగిపోయింది. మాట లేచింది, మాట దిగింది, నేను నొక్కాను. ఎనిమిది సెకన్లూ పెద్ద స్పీకర్లలోంచి నవ్వు, దాని మీద ముందు వరసల నవ్వు, ఈలలు, చప్పట్లు. రాజేశం ఒక్కసారి నా వైపు చూసి, ఆగకుండా పాడుతూనే ఉన్నాడు. పెదాలు కదలడం కనిపించింది, మాట ఒక్కటీ వినపడలేదు. వెనక వరసల్లో ఎవరూ నవ్వలేదు. భోజనాలకి పిలిచేసరికి ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నేను తెరచాటున ఏడుస్తుంటే రాజేశమే వచ్చి తల నిమిరాడు. "నీ తప్పేమున్నది బిడ్డా. నవ్వులాటల నవ్వే ఒస్తది. అండ్ల ఏడుపు వెట్టిన, నాదే తప్పు." కార్లో నాన్న నా భుజం తట్టాడు. "కాపాడావే తల్లీ, సరిగ్గా టైముకి నొక్కావు." ఆయన్ని ఆ మాటకి ఇప్పటికీ క్షమించలేదు. నన్ను కూడా.

ఇవాళ ఆ విల్లా లేదు, పడగొట్టి ఫ్లాట్లు కట్టారట. క్రేన్లు పోయాయి, రాజేశం ఉన్న క్యాంపు మూసేశారు. ఆ స్టేడియాన్ని టీవీలో చూసినప్పుడు నాన్న లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాప్ ఎందుకు దించానంటే, ఈమధ్య తెలియని నంబర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. 'అక్కా, నేను మల్లేశ్ బిడ్డను. మా బాపు మీద రాజేశం మామ గల్ఫ్‌ల పాట పాడిండట. మీ దగ్గర వీడియో ఉంటదన్నడు.'

ఆ అమ్మాయినే నంబరడిగి రాజేశానికి ఫోన్ చేశాను. ఊళ్ళోనే ఉన్నాడు, గొంతు సన్నబడింది. "ఆ దినం సంది మల్ల పాడలే బిడ్డా. మాటలు యాదికి లేవు. ఆని ఊరి పేరు, ఈ పిల్ల పేరు సుత వెట్టిన అండ్ల." ల్యాప్‌టాప్‌లో ఉన్న నాటిక వీడియోకి శబ్దం నేరుగా స్పీకర్ల పెట్టె నుంచే ఎక్కించారు, నవ్వూ పాటా కలిసిపోయాయి. విడదీయడానికి మూడు రోజులు కూర్చున్నాను. నవ్వు తగ్గిస్తే అతని గొంతూ పోతోంది. చివర్లో ఎక్కిళ్ళ ఆవిడ మాత్రం ఎంత తగ్గించినా ఉంటోంది. ఉన్నది ఉన్నట్టే పంపాను.

గంట తర్వాత జవాబు వచ్చింది. 'అక్కా, మా బాపు సచ్చిపోయిండని చెప్తుంటె అందరెందుకు నవ్వుతున్నరు?'

నవ్వు నేనే నొక్కానని రాసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.